పెట్టె పోయినా గుట్టు దక్కాలంటే



మొన్నామధ్య తార్నాకలో మా మేనకోడలు అద్దెకుంటున్న గదిలోంచి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. ఉస్మానియా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న పిల్ల. పోలీసులకు రిపోర్టు ఇచ్చొచ్చి నా దగ్గర బావురుమంది. "వస్తువు పోతే పోయింది అత్తయ్యా! మొగుడి చేత దెబ్బలు తిన్న ఆడవాళ్ళు నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు పేర్లతో సహా అందులో ఉన్నాయి" అంది.

"పాస్‌వర్డ్ ఉందిగా?" అన్నాను. మీరూ అదే అంటారు. కానీ ఉత్త పాస్‌వర్డ్ వీధి తలుపు గడియలాంటిది. లోపలి డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే, ఆ గడియ ముట్టకుండానే దొడ్డిదారిన అన్నీ చదవొచ్చు.

దీనికి విరుగుడే ఎన్‌క్రిప్షన్. అంటే డిస్కులో రాసిందంతా తారుమారు చేసి దాచటం. తాళంచెవి ఉన్నవాళ్ళకు అది చక్కని రాత, లేనివాళ్ళకు ఉత్త గజిబిజి. విండోస్‌లో దీన్ని బిట్‌లాకర్ అనీ, ఆపిల్ కంప్యూటర్లలో ఫైల్‌వాల్ట్ అనీ అంటారు. ఇందులో వాడే ఏఈఎస్ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా తీసుకుంది. ఆ తాళానికి ఒక్కొక్క చెవీ వేసి చూస్తూ పోతే, నేటి కంప్యూటర్లన్నీ కలిసినా యుగాలు చాలవు.

మా పిల్ల ఆ ఏర్పాటు చేసుకుంది. మరెందుకీ ఏడుపు అంటారా? ఆ రోజు మూత వేసి క్యాంపస్‌కు వెళ్ళిందేగానీ, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపలేదు. అలా నిద్రలో ఉంచితే తాళంచెవి లోపలి మెమరీలోనే ఉండిపోతుంది. దాన్ని అక్కణ్ణించి రాబట్టవచ్చని ప్రిన్‌స్టన్ పరిశోధకులు 2008లో చేసి చూపించారు. మామూలు దొంగకు అంత విద్య ఉండదనుకోండి. అయినా మా పిల్ల ఊరుకోలేదు. ఆ ఆడవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పి వచ్చింది.

మరో సంగతి. ఎన్‌క్రిప్షన్ గుట్టు కాపాడుతుందేగానీ, పోయిన రాతను తిరిగి తెచ్చిపెట్టదు. వేరే డిస్కులో నకలు పెట్టుకోని మూడు నెలల పని పోనే పోయింది.

అందుకని, ఇల్లు కదిలేముందు ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపండి. పిల్లల పేర్లూ పుట్టినరోజులూ పాస్‌వర్డ్‌గా పెట్టకండి. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో దాచండి. అదే సంచీలో పెడితే, తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టే! చెవి మరిస్తే మీకూ తలుపు తెరుచుకోదు సుమా. నకలు ఒకటి వేరే డిస్కులో ఉంచి, దానికీ తాళం వెయ్యండి.

మన బ్యాంకు కాగితాలూ, పెళ్ళి ఫోటోలూ ఇప్పుడు ఈ పెట్టెల్లోనే ఉంటున్నాయి. "మన డిస్కుకు లోపలి తాళం ఉందా?" అని ఈ సాయంత్రమే పిల్లల్ని అడగండి. సెలవు.