ఏ పద్దులో రాస్తే మనిషి కనిపిస్తుంది?

(ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రులూ స్త్రీలూ అనగానే నేను కాన్పుల గురించో, మందుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది మాత్రం ఆసుపత్రి ఖర్చుల పద్దు. కాస్త ఓపిక పట్టి వినండి.

కొన్నేళ్ల కిందట తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. నర్సులెంతమంది అని అడిగితే గుమాస్తా వెంటనే చెప్పాడు. ఊడ్చి తుడిచేవాళ్లు ఎంతమంది అంటే, "అది ఏజెన్సీని అడగాలి మేడం, మాకు సంబంధం లేదు" అన్నాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఒకామె మా కాళ్ల దగ్గరే నేల తుడుస్తోంది. బయటికొచ్చాక ఆమెతో మాట్లాడాను. పన్నెండేళ్లుగా అక్కడే పని చేస్తోంది. ఈలోగా ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. "మా పేర్లేడుంటయి మేడం, ఆళ్ల కాయితాలల్ల బెడ్లే ఉంటయి" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ప్రభుత్వం పారిశుధ్యానికి డబ్బిచ్చేది పడకల లెక్కన. 2022లో తెలంగాణ ప్రభుత్వం పడకకు నెలకు ఇచ్చే 5,000 రూపాయలను 7,500 చేసింది. పెంచడం మంచిదే. అయితే ఆ పెంపులో ఎంత చీపురు పట్టుకున్న చేతికి చేరుతుందో ఈ లెక్కలోంచి తెలుసుకునే దారి లేదు. కొలత పడక అయినప్పుడు మనుషుల్ని తగ్గించుకుంటే కాంట్రాక్టరుకు మిగులు.

ఇప్పుడు పద్దుల సంగతి. పర్మనెంటు స్వీపరుకు ఇచ్చే డబ్బు బడ్జెట్లో "జీతాలు" కింద వస్తుంది. అదే నేలను ఏజెన్సీ మనిషి తుడిస్తే ఆ డబ్బు "ఇతర కాంట్రాక్టు సేవలు" లాంటి పద్దులోకి పోతుంది. పని అదే, ఫినాయిలు అదే. జీతం అనేది సేవగా మారగానే పోస్టు ఉండదు, ఇంక్రిమెంటు ఉండదు, రిజర్వేషన్ రోస్టరు ప్రశ్నే రాదు. ఈ పనుల్లో ఉన్నది ఎక్కువగా దళిత స్త్రీలు కాబట్టి, రోస్టరు పోవడమంటే ఎవరికి ఏం పోయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అంతర్జాతీయ లెక్కల్లోనూ ఇదే తంతు. ఓఈసీడీ, యూరోస్టాట్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2011లో తెచ్చిన ఆరోగ్య ఖాతాల పద్ధతిలో, ఆసుపత్రి తన ఉద్యోగులకు ఇచ్చేది ఒక వర్గం. బయటి నుంచి కొన్న శుభ్రత "ఆరోగ్యేతర సేవలు" అనే వేరే వర్గం. మన జాతీయ ఆరోగ్య ఖాతాలు కూడా 2013-14 అంచనాల నుంచి ఆ పద్ధతినే ఆధారం చేసుకున్నాయి. లేబర్ రూములో నెత్తురు కడగడం ఆరోగ్యేతరమట! ఆ పని ఒక్క పూట ఆగితే ఇన్ఫెక్షన్ ఎవరికి సోకుతుందో బాలింతలను అడగండి.

నిర్వచనం చట్టంలోకి వచ్చేసరికి ఇంకా గట్టిపడింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం, ఒక పనిలో కాంట్రాక్టును నిషేధించాలా వద్దా అన్నప్పుడు, ఆ పని సంస్థకు అవసరమైనదా, ఏడాది పొడుగునా సాగేదా అని చూడమంది. అమలు అంతంత మాత్రమే, కానీ వాదించడానికి మనకు చోటుండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, సంస్థను ప్రధానంగా అందుకోసమే పెట్టకపోతే ఊడవడం, శుభ్రం చేయడం, కాపలా, బట్టలు ఉతకడం, క్యాంటీన్ అనేవి "ప్రధాన కార్యకలాపం" కావంది. ఆసుపత్రి పెట్టింది ఊడ్వడానికి కాదు కదా అంటారు. శుభ్రత లేకుండా ఆసుపత్రి అనేది ఎలా ఉంటుందో ఈ నిర్వచనం రాసినవాళ్లు చెప్పాలి.

అలాగని ఔట్‌సోర్సింగ్ ఖర్చంతా ఒకే రకం అని నేను అనను. మన వైపు నుంచి కూడా ఈ పొరపాటు జరుగుతోంది. స్కానింగ్ యంత్రం మరమ్మతు ఒప్పందం ఉంది. అందులో కొంటున్నది నైపుణ్యం, విడిభాగాలు. ల్యాబ్ పరీక్షను బయటికి పంపడం ఇంకొకటి. ఆసుపత్రి లోపల, ఆసుపత్రి సిస్టర్ చెప్పినట్టు, రోజూ వచ్చి పనిచేసే మనిషిని ఏజెన్సీ పేరున పెట్టుకోవడం మూడోది. ఇది సేవ కొనడం కాదు, కూలి ఇవ్వడం. మూడింటినీ ఒకే పద్దులో కుక్కితే మూడోది మరుగున పడుతుంది. నా దృష్టిలో పరీక్ష చాలా సులువు: పని ఎక్కడ జరుగుతోంది, ఎవరు పురమాయిస్తున్నారు, కాంట్రాక్టరు మారినా మనిషి మారకుండా ఉందా?

ఏ పద్దులోనూ లేని శ్రమ ఇంకొకటి ఉంది. రాత్రి పేషెంట్ కేర్ మనిషి ఒక్కతే రెండు వార్డులు చూస్తుంటే, బెడ్ పాన్ తీసేదీ, స్ట్రెచర్ తోసేదీ రోగి తల్లో, భార్యో, కోడలో. కాంట్రాక్టులో మిగిలిందని చూపే పొదుపులో కొంత ఈ ఆడవాళ్ల నిద్రలోంచి వచ్చిందే.

మీరు జిల్లాల్లో సమాచార హక్కు దరఖాస్తులు వేస్తున్నారు కదా, "పారిశుధ్యానికి ఎంత ఖర్చయింది" అని మాత్రం అడగకండి. మొత్తం అంకె పంపి చేతులు దులుపుకుంటారు. కూలి ఎంత, సామగ్రి ఎంత, కాంట్రాక్టరు కమీషన్ ఎంత, పన్ను ఎంత, విడివిడిగా అడగండి. హాజరు పట్టీ అడగండి. పీఎఫ్ చలానాలు అడగండి: యజమాని వాటా 12 శాతాన్ని కూడా ఆమె కూలిలోంచే కోసుకున్న చీటీలు నేను కళ్లారా చూశాను.

ఆ జిల్లా ఆసుపత్రికి మేమూ ఇలాగే దరఖాస్తు పెట్టాం. పడకల సంఖ్య, చెల్లించిన బిల్లులు పంపారు. కార్మికుల వివరాలు "ఈ కార్యాలయంలో అందుబాటులో లేవు" అన్నారు. అప్పీలు వేశాం. విచారణ రోజున ఆమె కూడా మాతో వస్తానంది, ఆ పూట కూలి పోతుందని తెలిసి కూడా.