కళ్ళజోడులో క్లాసు గది



ఈమధ్య మన కమిటీ సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. విద్యానిధి నుంచి కొంత డబ్బు తీసి, స్టడీ సెంటరుకు వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళు కొందామా అని. కొనాలన్నవారూ వద్దన్నవారూ కూడా ఆ వస్తువును చూడకుండానే గట్టిగా వాదించుకున్నారు. అందుకే యీ నాలుగు మాటలు చెప్పదలిచాం.

వర్చువల్ రియాలిటీలో తలకు తొడుక్కున్న పెట్టె బయటి లోకాన్ని మూసేసి మరో లోకాన్ని చూపుతుంది. రెండు కళ్ళకూ కొద్ది తేడాతో రెండు బొమ్మలు చూపుతుంది గనుక లోతు తెలుస్తుంది. ఆగ్మెంటెడ్ రియాలిటీ అలా కాదు. మన బల్లా, ఎదుటి మనిషీ కనబడుతూనే ఉంటారు, మధ్యలో గాలిలో ఒక గుండెకాయ నిలబడుతుంది. ఇది నిన్న మొన్నటి సంగతీ కాదు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే ప్రొఫెసరు 1968లోనే తన విద్యార్థులతో కలిసి ఇటువంటి యంత్రం చేశారు. దాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు!

మన పిల్లల్లో డాక్టరు చదువు కోరేవారు చాలామంది గనుక క్లీవ్‌లాండ్ నగరంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం సంగతి చెప్పాలి. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం బోధించడానికి అధ్యాపకులు మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ వాడారు. విద్యార్థులంతా ఒకే బొమ్మ చుట్టూ నిలబడతారు. చర్మం తీస్తే కండరం, కండరం తీస్తే నరం, ఆ లోపల ఎముక. శవాన్ని కోసే బల్ల మీద తెగిన నరం మళ్ళీ అతకదు. ఇక్కడ వందసార్లు విప్పి మూయవచ్చు. 2020లో కోవిడ్ వచ్చి కాలేజీలు మూతబడినపుడు ఆ కళ్ళజోళ్ళను మొదటి సంవత్సరం విద్యార్థుల ఇళ్ళకే పంపి పాఠం నడిపారు. అయితే చేతికి తగిలే స్పర్శ అందులో లేదు. ఒక మనిషి శరీరం మరో మనిషిది అచ్చు గుద్దినట్టుండదు, ఆ తేడా నిజమైన శరీరమే నేర్పాలి. ఇంకో మాట. ఆ హోలోలెన్స్ తయారీ 2024లో ఆగిపోయింది. వేలకు వేలు పోసి కొన్న వస్తువుకు రేపు విడిభాగం దొరకకపోతే మనలాంటి సంఘం గతేమిటి?

స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బైలెన్సన్ అనే ప్రొఫెసరు 2021లో ఒక కోర్సునే వర్చువల్ రియాలిటీలో నడిపారు. రెండువందల మందికి పైగా విద్యార్థులు ఎక్కడివారక్కడే ఉండి ఒకే చోట కలుసుకున్నారు. అంతటి ఆయన కూడా ప్రతిదానికీ దీన్ని వాడవద్దంటారు. ప్రమాదకరమైనవి, అసాధ్యమైనవి, నిజంగా చేస్తే కీడు తెచ్చేవి, మరీ ఖర్చయ్యేవి, వీటికే తగునంటారు. ఈ మాట మాకు బాగా నచ్చింది. లెక్కల పాఠానికి నల్లబల్ల చాలదా?

పైగా కొందరికి తల తిరుగుతుంది. కదులుతున్నామని కళ్ళు చెబుతాయి, లేదని చెవిలోపలి భాగం చెబుతుంది. అందుకే ఒక్కసారికి ఎక్కువసేపు పెట్టకూడదు.

మా అభిప్రాయం ఇప్పుడే కొనవద్దనే. బస్సు చార్జీలకు, పరీక్ష ఫీజులకు ఎదురుచూసే ఆడపిల్లల దరఖాస్తులు ముందున్నాయి. బల్ల మీద అస్థిపంజరాన్ని నిలబెట్టి చూపడం మామూలు ఫోనుతోనూ అవుతుంది. సైన్సు చెప్పే మాస్టార్లు ఏయే పాఠాలకు అవసరమో రాసివ్వాలి. అప్పుడు ఒక్కటి అద్దెకు తెచ్చి, పిల్లలకు పదేసి నిమిషాలు చూపిద్దాం. ఆ రోజు తల్లులు కూడా వచ్చి తొడుక్కుని చూడాలి, ఆ మీదట ఓటు వేయాలి.