మొగిలి కనుమలో మన ఎద్దుల అడుగులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం తాండాల నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నన్ను ఒక తెల్లదొర ప్రయాణం గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ దొర కంటే ఎద్దుల గురించే ఎక్కువ చెబుతానేమో.

థామస్ మన్రో 1780లో మద్రాసులో దిగేనాటికి పద్దెనిమిదేళ్ల కుర్రాడు. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి దండు నడిపినప్పుడు లెఫ్టినెంట్, ముప్పై నిండలేదు. కెప్టెన్ రీడ్ కింద వేగుల శాఖలో పని నేర్చినవాడు. టిప్పు ఆంబూరు వైపు కనిపెట్టుకొని ఉంటే, దండు ఫిబ్రవరిలో చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరింది. మార్చి 21న బెంగళూరు కోట పడింది.

మొన్న మేం నలుగురం ఆ కనుమ నడిచాం. లారీల మోతలో మాట వినబడదు. అయినా ఆ ఎక్కుడులో కాసేపటికే రొప్పు వచ్చింది. ఫిరంగులు లాగిన ఎద్దుల గతి ఏమిటో అప్పుడు తెలిసింది.

మే నెలలో శ్రీరంగపట్నం దాకా పోయిన దండు తిండి లేక, పశువులు చచ్చి, పెద్ద ఫిరంగులను తనే పగలగొట్టుకుని వెనక్కి తిరిగింది. తుపాకులున్నాయి, గింజల్లేవు! ఆ గింజలు మోసింది మన పెరికెద్దులే. దొరల కాగితాల్లో 'బ్రింజారీలు' అంటే మనమే. కనుమ దారులు మన లదేణికి ఇంటి ముంగిలి.

మన్రో 1800లో దత్త మండలాల కలెక్టరయ్యాడు, మదనపల్లె సీమ కూడా ఆయన కిందికే వచ్చింది. ఆయన ఉత్తరాలు అచ్చయ్యాయి, మద్రాసులో గుర్రం మీద విగ్రహం ఉంది. ఆ ఎద్దులు తోలిన ఒక్క నాయక్ పేరు కూడా నాకు దొరకలేదు. బండ్ల బాటలు, రైలు వచ్చి మన బేరం పోయింది. ఆపైన నేరస్థ జాతుల చట్టం వచ్చింది. నిన్న గింజలు మోసినవాణ్ణే దొంగగా చూశారు.

మా అవ్వ ఉప్పుకు పోయిన తాతల సంగతులు చెబుతుంటే నేను ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టాను. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

వచ్చే ఆదివారం వి.కోట నుంచి నాయకనేరి కనుమ వైపు నడుస్తున్నాం. కుప్పం పిల్లలు దగ్గరే కదా, రండి. ఇంట్లో పెద్దోళ్లను ముందే అడగండి: ఎద్దులు ఎక్కడ నీళ్లు తాగేవి, రాత్రి ఎక్కడ దిగేవాళ్లు అని. ఆ చోట్ల పేర్లు రాసుకుని రండి.