మన ఇంటి వీడియోలు - అవ్వ పాట మీద సినిమా పాట

  

హాస్టల్ తరఫున మాట్లాడమని సంఘం పెద్దలు అడిగితే చదువుల గురించో, పోటీ పరీక్షల గురించో చెప్తామని మీరు అనుకుని ఉంటారు. అవి చెప్పేవాళ్ళు మీకు చాలామంది ఉన్నారు. మేము ఈరోజు వీడియోల గురించి, ఇంట్లో మనమే చేసుకునే ఎడిటింగ్ గురించి మాట్లాడతాం. మేము అంటే వార్డెన్ ఒక్కరే కాదు. వంట అక్కలు, ట్యూషన్ చెప్పే టీచరు, ఏటా మారిపోతూ ఉండే మా ఆడపిల్లలు, అందరం కలిపి మేము. ఇప్పుడు చెప్పబోయే తప్పు కూడా అందరం కలిసి చేసిందే. అయితే ఎక్కువ భాగం పెద్దవాళ్ళదే.

2013 దీపావళి సెలవులకు మా పిల్లల్లో ఒకమ్మాయి ఊరికి వెళ్ళాం. దండారి రోజులు. ఒక టీచరు గారి దగ్గర అరువు తెచ్చిన చిన్న హ్యాండీక్యామ్ మా చేతిలో ఉంది. పగలంతా గుస్సాడి ఆట తీశాం. నెమలి ఈకల టోపీలు, తుడుం, పేప్రే, పిల్లల కేకలు అన్నీ తీశాం. రాత్రి ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ పొయ్యి పక్కన కూర్చుని పెళ్ళి పాట ఒకటి ఎత్తుకుంది. పిల్లను సాగనంపే పాట. గోండిలో దాదాపు ముప్పై అయిదు నిమిషాలు పాడింది. మధ్యలో దగ్గింది, మనవరాలిని నీళ్ళు తెమ్మంది, బయట మేక అరిచింది. కెమెరా ఆపకుండా తీశాం. ఆ రోజు మేము చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత హాస్టల్ కంప్యూటర్లో కూర్చున్నాం. విండోస్ 7, అందులో మూవీ మేకర్. మౌస్ పట్టుకోవడం కొత్తగా నేర్చుకున్న పిల్లలు రెండు రోజుల్లో ముక్కలు కత్తిరించడం, అతికించడం, పేర్లు వేయడం నేర్చుకున్నారు. ముప్పై అయిదు నిమిషాల పాటలోంచి నాలుగు నిమిషాలు తీసుకున్నాం. అవ్వ గొంతు వణుకుతోంది, దగ్గు వినిపిస్తోంది, పదో తరగతి వీడ్కోలు సభలో వేస్తే బాగుండదని మాకే తోచింది. ఆ ముక్క కింద ఒక సినిమా పాట పెట్టించాం. మూవీ మేకర్‌లో వీడియో గొంతుకు ప్రాధాన్యం ఇవ్వాలా, సంగీతానికి ఇవ్వాలా అని అడిగే బటన్లు ఉండేవి. సంగీతం మీద నొక్కాం. విండోస్ డీవీడీ మేకర్‌తో డిస్కు కాల్చాం. మెనూలో అవ్వ ముఖం, కింద ప్లే బటన్. సభలో చప్పట్లు మోగిపోయాయి.

ఒక డిస్కు ఊరికి కూడా పంపాం. అవ్వ టీవీ ముందు కూర్చుని చూసిందట. చూసి గోండిలో అడిగిందట, నా నోరు కదులుతోంది, నా గొంతు ఏదీ అని. మనవరాలు సెలవుల నుంచి వచ్చి ఈ మాట చెప్తే అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాతి కథ చిన్నది. ఆటల పోటీలు తీయాలని మెమరీ కార్డు ఖాళీ చేశాం. కంప్యూటర్ మొరాయిస్తే బాగు చేయడానికి పంపాం, అది ఫార్మాట్ అయి వచ్చింది. బాగు చేసినవాళ్ళను అనడానికి లేదు, ముందే కాపీ తీసి పెట్టుకోనిది మేము. ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో ఉందిలే అన్న ధైర్యం ఒకటి మిగిలింది. తెరిచి చూస్తే వీడియోలు ఉండాల్సిన చోట హెచ్చరిక గుర్తులు వరుసగా నిలబడ్డాయి. ఆ ఫైలు సైజు చూశాం. కొన్ని కేబీలు.

ఈ సంగతి మీలో చాలామందికి ఇప్పటికీ తెలియదు, అందుకే ఆగి చెప్తున్నాం. ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఏ పేరు ఎప్పుడు పడాలి అన్న రాతే ఉంటుంది. టీచర్ ట్రైనింగ్‌లో మేము రాసిన పాఠ్య పథకం లాంటిది. పథకం పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన పాఠం చెప్పినట్టు కాదు. అప్పటి మూవీ మేకర్ అయినా, ఇప్పటి ఓపెన్‌షాట్, షాట్‌కట్, కేడెన్‌లైవ్ అయినా ఇదే పద్ధతి. అసలు వీడియోల ఫోల్డరు పేరు మార్చినా, చోటు మార్చినా ప్రాజెక్టు వాటి కోసం వెతుక్కుంటుంది. ఫోన్ యాప్‌ల సంగతి ఇంకో రకం. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో వివా వీడియో కూడా ఉంది. పని సగంలో ఉండగా యాపే లేకుండా పోవచ్చు. మూవీ మేకర్‌ను కూడా మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. డీవీడీ మేకర్ విండోస్ 8 నుంచే రాలేదు. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. మన దగ్గర ఉండాల్సింది తీసిన వీడియో.

అవ్వ 2016లో పోయింది. మరుసటి ఏడు ఎండాకాలం ఆ అమ్మాయి మళ్ళీ మా దగ్గరకు వచ్చింది. చిన్నాయన కూతురి పెళ్ళి. "మేడం, మా అవ్వ పాట మీ దగ్గర ఉంటది కదా? వరస ఎవరికీ సరిగ్గా యాదికి లేదు" అని అడిగింది. బీరువాలోంచి డిస్కు తీసి ఇచ్చాం. ఇద్దరం కూర్చుని విన్నాం. సినిమా పాట వాయిద్యం ఆగిన చోట రెండు మూడు మాటలు వినిపించాయి. అంతే.

ఇప్పుడు గొంతును, సంగీతాన్ని విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కాలేజీలో చదివే మా పాత పిల్లలు ఆ నాలుగు నిమిషాల మీద ప్రయత్నించారు. ఆమె గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తోంది, సినిమా గాయని గొంతు కూడా దానికి అంటుకునే వస్తోంది. రెండూ మనుషుల గొంతులే కాబట్టి యంత్రానికి తేడా తెలియడం లేదు. మిగతా ముప్పై ఒక్క నిమిషాలు ఏ యంత్రమూ తేలేదు.

అందుకే ఇప్పుడు మా హాస్టల్లో ఎడిటింగ్ నేర్పేటప్పుడు కత్తిరించడం చివర నేర్పుతాం. మొదట దాచడం. కార్డులో నుంచో ఫోన్లో నుంచో వీడియోలు రెండు చోట్లకు కాపీ చేయాలి, ఆ రెండూ తెరిచి ఆడుతున్నాయో లేదో చూడాలి, ఆ తర్వాతే ఫోన్లో చెరపాలి. ఫైలు పేరులో తేదీ, ఊరు, ఏం జరుగుతోంది, ఎవరు పాడుతున్నారు అన్నీ రాయాలి. ఫోన్ పెట్టిన అంకెల పేరు రెండేళ్ళ తర్వాత తీసినవాడికి కూడా అర్థం కాదు. ఫోన్ గ్యాలరీలో నేరుగా కత్తిరించే అలవాటు ఉన్నవాళ్ళు కాపీగా సేవ్ చేయండి. మామూలు సేవ్ నొక్కితే కొన్ని ఫోన్లలో అసలు దాని మీదే కత్తెర పడుతుంది.

1940లలో హైమన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో ఉండి మన పెద్దలను ఫోటోలు తీశారు. అవి లండన్‌లోని ఎస్‌ఓఏఎస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మన ఫోన్లలో అంతకంటే ఎన్నో రెట్లు బొమ్మలు ఉన్నాయి, కానీ ఏది ఏ ఊరిదో చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? అదే మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడి ఆటకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు, 2024 అక్టోబరులో ఆయన వెళ్ళిపోయారు. మీ ఫోన్లో ఆయన ఆట ఉంటే ఈ రాత్రి తెరిచి చూడండి. తుడుం చప్పుడు వినిపిస్తోందా, ఇంకేదో పాట వినిపిస్తోందా?

ఇక తీయడం గురించి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, టీవీలో చూసేవాళ్ళకు అదే బాగుంటుంది. తీసేముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, పాట మధ్యలో ఫోన్ మోగితే అవ్వ ఆగిపోతుంది, మళ్ళీ అదే ఊపులో ఎత్తుకోదు. డోలు, తుడుం దగ్గర నిలబడి తీస్తే ఫోన్ మైకు తట్టుకోలేదు, చప్పుడు పగిలినట్టు వస్తుంది. అది ఎడిటింగ్‌లో బాగుపడదు, పది అడుగులు వెనక్కి జరగండి. ఒక్క గొంతు పాడుతుంటే మాత్రం వీలైనంత దగ్గర కూర్చోండి. పాట మొదలవ్వక ముందే రికార్డింగ్ మొదలుపెట్టి, అయిపోయాక కూడా కాసేపు ఆపకండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే అప్పుడే చెప్తారు పెద్దలు.

పెన్ పూజ దగ్గర తీయవచ్చో లేదో పటేల్‌నూ, దేవారినీ అడగాలి. వద్దంటే వద్దే. ఫోన్ జేబులో పెట్టుకోవాలి, దాచి తీయకూడదు. తీయమన్నంత మాత్రాన యూట్యూబ్‌లో పెట్టమన్నట్టు కాదు, అది విడిగా అడగాలి. ఆడపిల్లల ఆటల వీడియోలకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాటి కింద రాసే వ్యాఖ్యలు చదివి ఏడ్చిన పిల్లలు మా హాస్టల్లో ఉన్నారు.

ఎడిటింగ్‌లో మా పిల్లలతో రోజూ వాదన జరిగేది ఒకటే చోట. నిడివి. మూడు నిమిషాలు దాటితే ఎవరూ చూడరు మేడం అంటారు. నిజమే కావచ్చు. అందుకని రెండు రకాలుగా చేయిస్తున్నాం. పది మందికి చూపించడానికి చిన్నది, ఇంటి కోసం కోత లేనిది. చిన్నదాంట్లో కూడా పాట ఒక చరణం పూర్తిగా ఉండాలి, దెంసా అడుగు ఒక చుట్టు పూర్తిగా తిరగాలి. పుట తిప్పినట్టు, నక్షత్రాలు రాలినట్టు వచ్చే హంగులు మొదటి వారం అందరూ వాడతారు, ఆడుకోనిస్తాం. తర్వాత వాళ్ళే మానేస్తారు. సంగీతం కావాలంటే పేర్లు పడే చోట పెట్టుకోండి, మన కిక్రి ఉంది కదా. మనిషి మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు పెట్టవద్దు.

పేర్లు గుంజాల లిపిలో వేయాలని ఈమధ్య పిల్లలకు ముచ్చట. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. కానీ చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు సరిగ్గా రావు, డబ్బాలు కనిపిస్తాయి. అప్పుడు పేరును వేరేగా బొమ్మలా తయారుచేసుకుని వీడియోలో ఫోటోలాగా పెట్టేయండి. పక్కనే తెలుగులో కూడా వేయండి, పక్క ఊరివాళ్ళు చదువుకుంటారు. తెలుగు వత్తులు విడిపోతుంటే వాటికీ ఇదే మందు.

డీవీడీ ఇంకా ఎందుకని అడుగుతారు. పాత ప్లేయరు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, పెళ్ళి డిస్కు చేతికిస్తే పెద్దలకు అదొక కానుక. అయితే ఎంపీ4 ఫైలు డిస్కులోకి ఊరికే కాపీ చేస్తే పాత ప్లేయర్లు చాలావరకు చదవవు, వీడియో డీవీడీగా తయారుచేసి కాల్చాలి. డీవీడీ స్టైలర్ ఉచితంగా దొరుకుతుంది, మెనూ కూడా పెట్టుకోవచ్చు. ఒక పొర డిస్కులో 4.7 జీబీ పడుతుంది. రెండు గంటలకు మించి కుక్కితే బొమ్మ గళ్ళుగళ్ళుగా వస్తుంది. తక్కువ వేగంలో కాల్చండి, కాల్చాక వేరే ప్లేయరులో వేసి చూడండి. ఇంకో మాట, మీ ఫోన్ బొమ్మ 1920 గడుల వెడల్పు ఉంటే డీవీడీలో 720 గడులే ఉంటాయి. అంటే డిస్కు చూడటానికే, దాచుకోవడానికి కాదు. టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టే వీలుంటే అదే సులువు. పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, పెళ్ళి వీడియో రెండు భాగాలు చేసుకోవాలి.

మీ ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో పాత డిస్కులు ఉంటాయి. తీసి చూడండి. కింది వైపు గీతలు పడకముందే, వానాకాలం చెమ్మకు బూజు పట్టకముందే వీడియో_టీఎస్ అనే ఫోల్డరును అలాగే కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. అవ్వ డిస్కును మేము అలాగే మూడు చోట్ల పెట్టాం, ఉన్న ఆ నాలుగు నిమిషాలనే.

మొన్న సంక్రాంతికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తనే ఒక తల్లి. అవ్వ చెల్లెలు ఇంకో ఊళ్ళో ఉందట, ఆమెకు ఆ పాట సగం వచ్చట. వెళ్ళి తీసింది. పద్దెనిమిది నిమిషాలు. తప్పు పాడిన చోట ముసలమ్మ ఆగి, కాదు, అక్క ఇట్లా అనేది అని దిద్దుకుని మళ్ళీ పాడింది. ఆ ముక్కలు తీసేయాలా మేడం అని అడిగింది. ఒక్కటి కూడా తీయొద్దని చెప్పాం. ఫైలు పేరులో తేదీ, ఊరు, అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లూ రాసి ఒక కాపీ మాకు పంపింది.