యుద్ధకాలపు వార్తలు: ఏది నమ్మవలెను?

(మన సంఘపు వారాంతపు సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)

 

2025 మే 8వ తేది రాత్రి మనలో కంటినిండ నిద్రించినవారు తక్కువ. మన నౌకాదళము కరాచీ రేవును ధ్వంసము చేసినదని ఆ రాత్రి మన దేశపు టెలివిజన్ కేంద్రములు కొన్ని చాటినవి. తెల్లవారెను. కరాచీ రేవు యథాస్థానముననే యుండెను. ఆ దినములలోనే మన యుద్ధవిమానములను కూల్చితిమని పాకిస్తాను ప్రకటించెను. మన పక్షమున దీనికి స్పష్టమైన సమాధానము చాల దినములు రాలేదు. తుదకు మే 31న మన త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సింగపూరులో, మనకు విమాననష్టము కలిగిన మాట నిజమేయనియు, ఆరు విమానములనుట మాత్రము అబద్ధమనియు చెప్పిరి.

ఇందు మొదటి మాటను మేము వెంటనే నమ్మితిమి. తనకు నష్టము కలిగించు మాటను ఎవరును ఊరక చెప్పరు. రెండవ మాట స్వపక్షమునకు అనుకూలమైనది గనుక దానికి అంత బరువు లేదు. అయినను, మొదటిదానిని ఒప్పుకొనిన నోటినుండి వచ్చినది గనుక కరాచీ కబురుకంటె దానిని ఎక్కువ ఆదరింపవచ్చును.

ఈ చిక్కు నాందేడు వారికి క్రొత్త కాదు. 1948 సెప్టెంబరులో ఈ జిల్లా ఇంకను నిజాము రాజ్యములోనిదే. ఒక వైపు హైదరాబాదునుండి నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో, మరియొక వైపు ఢిల్లీ, బొంబాయి, మద్రాసులనుండి ఆల్ ఇండియా రేడియో. 13వ తేదిన సైన్యములు ప్రవేశించినవి. 17వ తేదికి నిజాము లొంగిపోయెను. దీనికి ఢిల్లీవారు పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. టాంకులతో వచ్చు పోలీసులను అంతకుముందు ఎవరు చూచిరి? వార్తకంటె ముందుగా వార్తకు పెట్టిన పేరును పరీక్షింపవలెనని మేము చెప్పుట ఇందువలననే. ఆ 17వ తేదికే నేటికిని విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యతయని కొందరు పేర్లు పెట్టుచున్నారు. మనకు ఇచ్చట అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినము.

ఆనాడు రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, ఎఱ్ఱకోటపై ఆసఫ్‌జాహీ పతాకమును ఎగురవేయుదుమని సభలలో గర్జించెను. ఐదు దినములలో ఆ గర్జన ఏమైనదో అందరికిని తెలిసినదే. అదే కాలమున, రాత్రివేళ విమానములు కరాచీనుండి ఆయుధములు తెచ్చి దింపుచున్నవని ఒక వదంతి పుట్టెను. అరుగులమీది పుకారువలె వినబడిన ఆ మాట నిజమైనది! సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు బీదరు, వరంగల్లు విమానాశ్రయములకు ఆయుధములు చేరవేసెను; తరువాత తన జీవితగాథలో తానే చెప్పుకొనెను. వదంతి యైనంత మాత్రమున త్రోసివేయరాదు. వేదికపైనుండి వచ్చినంత మాత్రమున నెత్తిన పెట్టుకొనరాదు.

లిపిని చూచి తీర్పు చెప్పుటయు పొరపాటే. ఉర్దూ పత్రిక యనగానే అది నిజాము పక్షమని ఆనాడు తలచినవారు గలరు. కాని భారత యూనియనులో చేరవలెనని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురియైన షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకే సంపాదకుడు.

మనము తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ నాలుగును చదువగలవారము. ఇది మనకొక సదుపాయము; ఇందులో ఒక ప్రమాదమును గలదు. నాలుగు భాషలలోను ఒకే వార్త కనబడినప్పుడు నలుగురు సాక్షులు దొరికిరని సంతోషింతుము. నాలుగును ఒకే ప్రభుత్వ ప్రకటనకు అనువాదములైనచో సాక్షి యొక్కడే. ఒక గుడిగంట నాలుగు వీధులలో వినబడినచో నాలుగు గంటలగునా? కనుక పత్రికలను గాక, కన్నులార చూచినవారిని లెక్కింపవలెను.

ఇక మా మనస్సును ఎక్కువగా బాధించు సంగతి. పరస్పర విరుద్ధములైన రెండు వార్తలు వచ్చినప్పుడు మనము కనీసము అనుమానింతుము. ఒక వార్త అసలే రానిచో అనుమానింపవలెనని కూడ తోచదు. రజాకార్ల దౌర్జన్యములను గూర్చి ఢిల్లీ పక్షము విరివిగా చెప్పినది, అవి జరిగినవే. కాని 17వ తేది తరువాత గ్రామములలో ముస్లిములపై జరిగిన హత్యలను గూర్చి గెలిచినవారు చెప్పలేదు. ఓడినవారికి చెప్పుటకు రేడియో మిగులలేదు. నెహ్రూగారు పంపగా పండిత సుందర్‌లాల్, ‘పయామ్’ పత్రికను స్థాపించిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు 1948 నవంబరు తుదినుండి డిసెంబరు వరకు తిరిగిరి. సంస్థానమంతటను చనిపోయినవారు 27 వేలనుండి 40 వేల వరకు ఉందురని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు, ఈ నాలుగు జిల్లాలలోనే 18 వేలకు తక్కువ కాదనిరి. ప్రభుత్వము ఆ నివేదికను ప్రకటింపలేదు. 2013లో గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో చదువరులకు అందలేదు. అంచనా అంచనాయే. అయినను ఊరూర తిరిగి, వందలమందిని విచారించి వ్రాసిన అంచనాకును, పట్టణమున కూర్చుండి వ్రాసిన ప్రకటనకును భేదము లేదా?

ఆ నివేదికలోనే మరియొక మాట యున్నది. కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు తమతోడి ముస్లిం నేతగాండ్రను ప్రాణములొడ్డి కాపాడిరట. మగ్గముల యిండ్లలో పుట్టినవారు మనలో పెక్కురు గలరు. ఈ మాటయు 65 ఏండ్లు పెట్టెలోనే యుండెను.

నాడు పదేండ్ల బాలురు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. బిలోలి, దేగలూరు, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములలోని మనవారిలో అట్టివారు కొలదిమందియే మిగిలియున్నారు. వచ్చు సెప్టెంబరు సంచికలలో వారి జ్ఞాపకములను ప్రచురింప నిశ్చయించితిమి. తాము స్వయముగా చూచినది ఒక కాగితముపైనను, విన్నది, ఎవరివలన వినిరో తెలుపుచు, వేరొక కాగితముపైనను వ్రాయవలెను. పేరు వలదన్నవారి పేరు వేయము. వ్రాయలేని పెద్దల యిండ్లకు మేమే కలము, కాగితము తీసికొని వత్తుము. ఏ యూరు, ఏ యిల్లు అన్నది కార్యదర్శిగారికి తెలిపిన చాలును.