ఫైల్లో ఏముందో చెప్పని పిల్ల

(సంఘం సభలో యువతతో ఒక గిరిజన హాస్టల్ వార్డెన్ మాట్లాడిన మాటలు)



పట్నంలో ఉద్యోగాలకు పోయే పిల్లలకు నాలుగు ధైర్యం మాటలు చెప్పమన్నారు. ధైర్యం చెప్పడం మాకు కొంచెం ఎక్కువే అలవాటు. మేం అంటే వార్డెన్లం, ట్యూటర్లం, వంటక్కలం. పిల్ల ట్రంకు పెట్టె బస్సెక్కించి "బాగా ఉండు బిడ్డా" అని చెయ్యూపి వెనక్కి వచ్చేవాళ్ళం. ఆ బస్సు దిగిన తర్వాత ఏమవుతుందో మాకు సగమే తెలుసు. మా హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, వరంగల్‌లో లా పూర్తి చేసి, హైదరాబాద్‌లో హైకోర్టు వకీలు దగ్గర జూనియర్‌గా చేరిన ఒక అమ్మాయి వల్ల మిగతా సగం కొంత తెలిసింది. పేరు వద్దంది, చెప్పం. ఈ మాటలు చెప్పడానికి మాత్రం ఒప్పుకుంది.

ఆమె పని ఎలా ఉంటుందో ముందు వినండి. రేపు ఏ కోర్టు హాల్లో ఏ కేసు ఎన్నో నంబరో చెప్పే కాజ్ లిస్టు సాయంత్రానికి వస్తుంది. అప్పుడు కట్టలు బయటికి తీయాలి. ప్రతి కేసుకూ తేదీలు వరసగా రాసిపెట్టాలి, సీనియర్ అడగబోయే పేజీకి చీటీ అంటించాలి. రాత్రి 10 దాటుతుంది. పొద్దున మదీనా దగ్గర బస్సు దిగి, మూసీ ఒడ్డున ఉన్న ఆ పాత ఎర్ర భవనంలోకి పరుగు. సీనియర్ ఒక హాల్లో వాదిస్తుంటే ఇంకో హాల్లో మన కేసు పిలవచ్చు. అప్పుడు జూనియర్ లేచి "పాస్ ఓవర్" అడగాలి. అంటే కాసేపాగి మళ్ళీ పిలవండి అని. అంతే, రెండు ముక్కలు.

చేరిన రెండో నెలలో ఆ రెండు ముక్కలు ఆమె నోట రాలేదు. కేసు పిలిచారు, ఈమె లేచి నిలబడింది, నోరు పెగల్లేదు. ఎవరూ హాజరు కాలేదని కేసు కొట్టేశారు. తర్వాత పిటిషన్ వేసి మళ్ళీ తెరిపించుకున్నారనుకోండి. ఆ రోజు ఆఫీసులో పడ్డ తిట్లు మాత్రం చాలానే. రాత్రి మాకు ఫోన్ చేసి, "మేడం, వచ్చేస్తా" అంది.

మేం ఏమన్నాం? "సర్దుకుపో తల్లీ" అన్నాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేడం, హాస్టల్లో అడిగితే తప్ప మాట్లాడొద్దన్నారు కదా. పదేళ్ళు అదే నేర్చుకున్నా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే మాకు తేలిగ్గా ఉండేది. డీఎడ్‌లో, బీఎడ్‌లో పిల్లల్ని మాట్లాడించాలని మాకూ చెప్పారు. నూటయాభై మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్న చోట నిశ్శబ్దమే క్రమశిక్షణ అయి కూర్చుంది. ఇప్పుడు మా హాస్టల్లో రోజూ రాత్రి అన్నాల తర్వాత ఒక పిల్ల లేచి ఏదో ఒకటి అడగాలి. పప్పు ఎందుకు నీళ్ళగా ఉందని అడిగినా సరే. వంటక్కకు ఇది నచ్చలేదు, అది వేరే సంగతి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, హైకోర్టులో ఇంగ్లీషు, బస్సులో ఉర్దూ కలిసిన హిందీ. మొదట్లో నాలుగు చోట్లా తప్పులే అంది. కానీ పాత పహాణీలు, చేతిరాత దరఖాస్తులు వచ్చినప్పుడు ఆఫీసంతా ఈమె బల్ల దగ్గరికే వస్తుందట. పోడు అంటే ఏంటో, సరిహద్దు చెప్పేటప్పుడు "ఇప్పచెట్టు కాడ నుంచి వాగు దాకా" అని ఎందుకు చెబుతారో వాళ్ళకు చెప్పేది ఈమే.

ఇక అసలు సంగతి. ఒకరోజు ఆమె బల్ల మీదికి మన ఏజెన్సీ భూమి కేసు వచ్చింది. వన్ ఆఫ్ సెవెంటీ మీకు తెలుసు. 1959 రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా, కాదని అతను రుజువు చేసుకునే దాకా, గిరిజనుడి దగ్గర్నుంచే వెళ్ళిందని అనుకోవాలి. ఈ కేసులు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర మొదలై, ఏజెంటుగా ఉండే కలెక్టర్ దగ్గరికి అప్పీలుకు పోయి, అక్కణ్ణుంచి హైకోర్టుకు పోతాయి. ఊళ్ళో గెలిచామని పండగ చేసుకున్న కేసు పట్నంలో ఇంకా నడుస్తూనే ఉంటుంది.

ఆ కేసులో ఆమె ఆఫీసు అవతలి పక్షం తరఫున ఉంది. భూమి ఆమె మేనమామ వాళ్ళ ఊరిది.

పది పేజీలు చదివాక ఊరి పేరు కనిపించిందట. రాత్రంతా నిద్రలేదు. మర్నాడు సీనియర్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఇది మా బంధువుల ఊరు. ఈ ఫైలు నేను చెయ్యలేను" అని చెప్పింది. మొదట కేసు పిలిస్తే నోరు తెరవలేకపోయిన పిల్ల ఇది. సీనియర్ కాసేపు చూసి ఫైలు ఇంకో జూనియర్‌కి ఇచ్చారు. వారం పాటు ముఖం చూపించకుండా పని చెప్పారట. ఉద్యోగం మాత్రం పోలేదు.

ఈ సంగతి ఊళ్ళోకి వచ్చింది. మేనమామ వాళ్ళు మా దగ్గరికి వచ్చారు. "అవతలి వాళ్ళ కాగితాల్లో ఏముందో మీ పిల్ల చూసిందంట, అడగండి" అన్నారు. మేం అడిగాం. తప్పే, కానీ అడిగాం. ఆమె ఒకటే మాట అంది: "మేడం, దయచేసి అడగకండి." అవతలి మనిషి తన వకీలును నమ్మి చెప్పిన మాట బయట పెట్టకూడదు. ఇది పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్. 2024 జూలై 1న వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132. అవన్నీ తర్వాత చెప్పింది. ఆ రోజు మాత్రం మాకు బాధేసింది. ఊళ్ళో అయితే ఆర్నెల్లు ఆమె పేరెత్తితే చాలు, "పట్నం దానిదయింది" అన్నారు. ఆమె తల్లికి బోరింగు దగ్గర ఎన్ని మాటలు పడ్డాయో మేం విన్నాం.

పట్నంలో లా ఉద్యోగం అంటే మన పిల్లలకు ఈ బరువు ఉంటుంది. రెండు వైపుల నుంచీ ఉంటుంది. తెలిసి వెళ్ళండి.

మరి ఎందుకు వెళ్ళాలి? మాలో టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళకు జీవో 3 గుర్తే. 2000లో వచ్చింది, ఏజెన్సీ బళ్ళలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులవి. తీర్పు వాట్సాప్‌లో వచ్చింది, పేజీలకు పేజీలు ఇంగ్లీషు. అది చదివి ఏమైందో, ఇక ఏం చెయ్యొచ్చో మా భాషలో చెప్పే మనిషి చుట్టుపక్కల ఒక్కరు దొరకలేదు. టీచర్లమే, అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

డబ్బు గురించి సిగ్గు పడకుండా అడగండి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సూచన మాత్రమే, ఇవ్వని వాళ్ళే ఎక్కువమంది అంటారు పిల్లలు. ఎంత ఇస్తారో చేరేముందే అడగాలి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు చట్టం ప్రకారం 125 రూపాయలే. అంతకన్నా ఎక్కువ వసూలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తేల్చింది. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్ళలో ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఆఫీసు పనిలో పడి దాన్ని మర్చిపోవద్దు. ఇంకోటి, మొదటి మూడు నెలల గది అద్దె చేతిలో ఉంచుకుని బస్సెక్కండి. మన అమ్మాయి రెండు నెలల డబ్బుతో పోయింది. మూడో నెల ఎలా గడిపిందో మాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

మొన్న హైకోర్టు వేసవి సెలవుల్లో భూమి పండుగ పడింది, ఆమె వచ్చింది. ఆడవాళ్ళతో కలిసి ఆడింది. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుంటే, అంతకుముందు ఆమెను ఎక్కువ తిట్టిన తాతే ప్లాస్టిక్ కవర్లో తన భూమి కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఎవరికీ చూపించని కాగితాలవి. కవరు ఆమె ఒళ్ళో పెట్టి, మా వైపు చూసి, "మీ మేడంకి కూడా చెప్పకు" అన్నాడు. మేం లేచి అవతలికి వెళ్ళాం.

ఈ ఏడు లాసెట్ రాసినవాళ్ళు, రాద్దామనుకునేవాళ్ళు భోజనాలయ్యాక వంటశాల పక్కకు రండి. ఆమె ఫోన్లో మీతో మాట్లాడతానంది. రేపు సోమవారం, కోర్టు ఉంది, సాయంత్రం 5 దాటితే మళ్ళీ కట్టలు ముందేసుకుని కూర్చుంటుంది. కాబట్టి ప్రశ్నలు ముందే అనుకుని రండి.