చుట్టకు పెట్టె ఏది?

అక్కలారా, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటాం. కోస్తాంధ్రలో అంగిటి క్యాన్సర్‌కు అది కారణమని డాక్టర్ డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లోనే రాశారు. లోకం మగవాళ్ల సిగరెట్ గురించి వాదించుకుంటున్న రోజులవి! తర్వాత పిండ్‌బోర్గ్, ఫలీ మెహతాల బృందం మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 43.8 మంది అడ్డపొగవాళ్లే. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

ముసలమ్మల అలవాటు, చెప్పినా మానరు అని తేలిగ్గా తీసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. శ్రీకాకుళంతో పాటు మరో రెండు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకు నచ్చజెప్పి చూశారు. చాలామంది మానారు, తగ్గించారు. నోటిలో తెల్లమచ్చలు రావడమూ తగ్గిందని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

2003 చట్టం పెట్టెల మీద హెచ్చరిక వేయించింది. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు పెట్టె ఏది? అందుకే మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు టార్చి పట్టుకెళ్లండి. అంగిట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉంటే, నొప్పి లేకపోయినా సరే, ఆస్పత్రికి వెంటబెట్టుకెళ్లండి.